సబ్‌మెరైన్ నుంచి రుషికొండ దాకా...

తెల్లవారుజాము నాలుగున్నర. విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద వీధి దీపాలు ఇంకా వెలుగుతూనే ఉంటాయి. సముద్రం కనిపించదు, వినిపిస్తుంది. కాళీమాత గుడి దగ్గర ఊడ్చేవాళ్ల చీపురు చప్పుడు. ఇసుకలో ముడుచుకు పడుకున్న కుక్కలు. ఇంకో అరగంటకి ఊరు ఊరంతా ఇక్కడికి వచ్చేస్తుంది. పొట్ట తగ్గించుకోవాలనుకునేవాళ్లు, షుగర్ తగ్గించుకోవాలనుకునేవాళ్లు, ఇంట్లో మాటలు తప్పించుకోవాలనుకునేవాళ్లు... రామకృష్ణా బీచ్ దగ్గర వేకువన కాసేపు వాహనాలను ఆపేస్తారు కాబట్టి, రోడ్డంతా వాళ్లదే.

ఆ మందిలో ఒకావిడ ఉంటుంది. వయసు అరవై మూడు. చుడీదార్ మీద చున్నీని నడుముకు గట్టిగా బిగించి, జుట్టు ముడి వేసుకుని, ఎడమ చేతికి మగవాళ్ల వాచీ పెట్టుకుని వస్తుంది. ఆ వాచీ పోయిన భర్తది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫయ్ నాలుగేళ్లు కూర్చుని ఉద్యోగం చేసిన మనిషి. ‘నంబర్ ప్లీజ్’ అన్న కాలం నుంచి జేబులో ఫోన్ల కాలం దాకా కుర్చీ కదల్లేదు. ఇప్పుడామె ఇరవయ్యొక్క కిలోమీటర్లు పరుగెత్తుతానంటోంది!

హాఫ్ మారథాన్ అంటే కచ్చితంగా 21.0975 కిలోమీటర్లు. పూర్తి మారథాన్ 42.195 కిలోమీటర్లలో సగం. ఆ లెక్క 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగు దారి ఎంత పొడవుంటే అంతని మొదలై, 1921లో స్థిరపడింది. ఆ లెక్కల గొడవ బీచ్ రోడ్డుకి అక్కర్లేదు. ఇక్కడివాళ్లు చెప్పే కొలత వేరు. ఆర్కే బీచ్‌లో బయల్దేరి, రుషికొండ దగ్గర వెనక్కి తిరిగి, మళ్లీ ఆర్కే బీచ్‌కి వస్తే ఇంచుమించు హాఫ్ మారథాన్. వెనక్కి రాకుండా ముందుకే పోతే భీమిలి. ఆ లెక్కకైతే పాతిక కిలోమీటర్లు అటూ ఇటూ.

ఆమె చినవాల్తేరు వైపు ఉంటుంది కాబట్టి బీచ్‌కి నడిచే వస్తుంది. రిటైరయిన దగ్గర్నుంచీ రోజూ కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ దాకా నడక, మళ్లీ వెనక్కి. అంతే. అదే పెద్ద ఘనకార్యమని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది, ఆ డిసెంబరు ఆదివారం దాకా.

తూర్పు నౌకాదళం 2014 నుంచి నిర్వహిస్తున్న వైజాగ్ నేవీ మారథాన్ సాధారణంగా నవంబరు, డిసెంబరు నెలల్లో ఈ రోడ్డు మీదే జరుగుతుంది. ఆ రోజు రోడ్డుకి అడ్డంగా బారికేడ్లు పెడితే నడకకొచ్చినావిడ ఒక పక్కన నిలబడిపోయింది. ముందు కుర్రాళ్లు జింకల్లా దాటిపోయారు. తర్వాత ఉద్యోగులు, కాలేజీ పిల్లలు, నేవీ వాళ్ల భార్యలు. ఎండ ఎక్కింది. చూసేవాళ్లు పల్చబడ్డారు. ఇక ఎవరూ రారనుకుంటుండగా, జుట్టు పూర్తిగా నెరిసిన ఒకావిడ వచ్చింది. పరుగూ కాదు, నడకా కాదు, రెండిటికీ మధ్య. చివరి గీత దాటాక నీళ్లు తాగుతుంటే మన టెలిఫోన్ ఆవిడ పక్కకి చేరి, ఎంత సేపు పట్టిందండీ అని అడిగింది.

“మూడున్నర గంటలండీ.”

“కాదండీ, తయారవడానికి?”

“పదకొండు నెలలు.”

వయసు కూడా చెప్పిందావిడ. అరవై ఎనిమిది!

ఆ మాట వినగానే నిర్ణయం జరిగిపోలేదు. సినిమాల్లో అయితే జరుగుతుంది. ఇంటికొచ్చి ఉప్మా చేసుకుంది, టీవీ చూసింది, మర్చిపోయింది. జనవరిలో ఒక రాత్రి బాత్‌రూమ్‌లో కాలు జారింది. పడలేదు. చెయ్యి కుళాయికి దొరికింది, నిలబడింది. అంతే జరిగింది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదామెకి. వాళ్లమ్మ అలాగే బాత్‌రూమ్‌లో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఎనిమిది నెలలు మంచంలోనే. పక్కకి తిప్పడం, బెడ్‌పాన్ పెట్టడం, వీపు మీద పుళ్లకి పౌడర్ చల్లడం... అన్నీ ఈమె చేతుల మీదుగానే జరిగాయి. అమ్మకి చెయ్యడానికి తనుంది. తనకి? ఒక్కగానొక్క కొడుకు డాలస్‌లో ఉన్నాడు.

పొద్దున్నే లేచి బీచ్‌కి వెళ్లింది. సబ్‌మెరైన్ దాటి మొదటిసారి పరుగెత్తింది. ఎంత దూరం? రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం. ఊపిరి అందక ఇసుక గట్టు మీద కూలబడింది.

ఆ సబ్‌మెరైన్ గురించి ఒక మాట. ఐఎన్ఎస్ కుర్సురా సోవియట్ యూనియన్‌లో తయారైంది. 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో పాల్గొంది. ముప్ఫయ్యొక్కేళ్లు సముద్రం లోపల తిరిగి 2001 ఫిబ్రవరిలో రిటైరయింది. తొంభయ్యొక్క మీటర్ల ఆ ఉక్కు చేపని ఒడ్డుకి లాగి, 2002లో మ్యూజియం చేశారు. లాగుతున్నప్పుడు వింత చూడ్డానికి వచ్చిన జనంలో ఈమె, ఈమె భర్త కూడా ఉన్నారు. సర్వీసు లెక్క చూస్తే సబ్‌మెరైన్ కన్నా ఈమెదే మూడేళ్లు ఎక్కువ! నీటి అడుగున ఉన్నన్నాళ్లూ దాన్ని ఎవరూ చూడలేదు. రిటైరయ్యాకే లక్షలమంది చూశారు. దాని ఎదురుగా రోడ్డుకి అవతల టీయూ-142 విమానం ఉంది. అది కూడా సర్వీసు పూర్తి చేసుకునే 2017లో మ్యూజియంగా మారింది. రిటైరయినవాళ్లకి ఈ రోడ్డు మీద గౌరవం బాగానే ఉంది.

పరుగు మొదలుపెట్టే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఇది ఆమె చేసిన పనుల్లోకెల్లా తెలివైన పని. పన్నెండేళ్లుగా షుగర్, దానికి తోడు బీపీ. డాక్టరు నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. ఈసీజీ తీయించి, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించాడు. కంటి రెటీనా చూపించుకు రమ్మన్నాడు. సన్నటి నైలాన్ దారంతో అరికాలిని పొడుస్తూ తెలుస్తోందా, తెలుస్తోందా అని అడిగాడు. షుగర్ ఉన్నవాళ్లకి ఏళ్లు గడిచేకొద్దీ పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. బొబ్బ లేచినా తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. ఆమెకి ఎడమ బొటనవేలి దగ్గర కొంచెం మొద్దుబారింది. “పరుగెత్తొచ్చు. కానీ ఇంటికి రాగానే రెండు పాదాలూ అద్దంలో చూసుకోవాలి. కింద, వేళ్ల మధ్య... అన్నీ” అన్నాడు. మాత్రల మోతాదు, వాటిని వేసుకునే వేళలు మార్చాడు. జేబులో బెల్లం ముక్కో ఖర్జూరాలో లేకుండా గడప దాటొద్దన్నాడు. పరుగులో షుగర్ పడిపోతే కళ్లు తిరుగుతాయి, చేతులు వణుకుతాయి. ఆ సమయంలో ధైర్యం పనికిరాదు, బెల్లం ముక్కే పనికొస్తుంది.

మోకాళ్లు అరిగిపోవా? అందరూ అడిగే మొదటి ప్రశ్న అదే. పక్క ఫ్లాటావిడ దగ్గర్నుంచి డాలస్‌లో కొడుకు దాకా. దీనికి జవాబు చాలాకాలం కిందటే దొరికింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 1984లో యాభై దాటిన రన్నర్లనీ, పరుగెత్తని అదే వయసువాళ్లనీ ఎంచుకుని ఇరవై ఏళ్లకు పైగా గమనించారు. 2008లో ఫలితాలు ప్రకటించారు. పందొమ్మిదేళ్లకి పరుగెత్తనివాళ్లలో 34 శాతం మంది చనిపోతే, రన్నర్లలో 15 శాతం. ఒకరి మీద ఆధారపడే స్థితి రన్నర్లకి ఏళ్ల తరబడి ఆలస్యంగా వచ్చింది. మోకాళ్ల ఎక్స్‌రేల్లోనూ రన్నర్లకి అరుగుదల ఎక్కువేమీ కనిపించలేదు. అయితే ఆరోగ్యం బాగున్నవాళ్లే పరుగుకి వస్తారేమో, ఆ సందేహం ఎప్పుడూ ఉంటుంది. ముందే అరిగిన మోకాలితో పరుగు మొదలుపెట్టడం వేరే సంగతి. దానికి డాక్టరు మాటే మాట.

బూట్ల దుకాణంలో కుర్రాడు, “ఎన్నో నంబరు కావాలమ్మా, మనవడికా?” అన్నాడు. నాకే అంటే కాసేపు నమ్మలేదు. పాదం సాయంత్రానికి కాస్త ఉబ్బుతుంది కాబట్టి సాయంత్రం పూటే వెళ్లింది. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండేలా చూసి కొనుక్కుంది. అంత డబ్బు పెట్టి తన కోసం చెప్పులు కొనుక్కోవడం జీవితంలో అదే మొదటిసారి. రెండు రోజులు ఇంట్లోనే వేసుకు తిరిగింది, మురికి అవుతాయని!

తర్వాత అసలు పని. జెఫ్ గాలోవే అని 1972 ఒలింపిక్స్‌లో పాల్గొన్న అమెరికా రన్నర్ ఒకాయన 1970ల్లోనే కాసేపు పరుగు, కాసేపు నడక పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. అలిసిపోయాక నడవడం కాదు, అలిసిపోకముందే నడవడం అందులో కిటుకు. ఈమె దాన్ని విశాఖ పద్ధతిలోకి మార్చుకుంది. బీచ్ రోడ్డు పొడవునా పెద్దవాళ్ల విగ్రహాలున్నాయి కదా. ఒక విగ్రహం దాకా పరుగు, తర్వాతి రెండు విగ్రహాల దాకా నడక. “ఇవాళ గురజాడ గారి దాకా ఆగకుండా వచ్చా”, “శ్రీశ్రీ గారి దగ్గర ఆయాసం వచ్చింది” అని రాత్రి ఫోన్‌లో కొడుక్కి చెబితే అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

వారానికి మూడు రోజులే పరుగు. మధ్యలో ఒక రోజు పూర్తి విశ్రాంతి, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం ఇరవైసార్లు, గోడ పట్టుకుని మడమలెత్తడం ఇరవైసార్లు. కుర్రవాళ్లకి ఒక రాత్రిలో తగ్గే నొప్పి ఈ వయసులో రెండు రోజులు పడుతుంది. ఆదివారం మాత్రం దూరం. మొదటి నెల మూడు కిలోమీటర్లు, తర్వాత నాలుగు, అయిదు... వేగం ఎంతుండాలన్న దానికి గడియారం అక్కర్లేదు. పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే సరైన వేగం. టెలిఫోన్ ఆపరేటర్‌కి ఇంతకన్నా సులువైన పరీక్ష ఏముంటుంది?

కష్టం ఉక్కపోతతో వచ్చింది. విశాఖ సముద్రాన్ని ఫొటోల్లో చూసినవాళ్లకి తెలియని సంగతి ఇది. గాలి నిండా తడి. చెమట పడుతుంది కానీ ఆరదు. ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! మే నెలలో అయిదున్నరకల్లా సూర్యుడు సముద్రం మీదికి వచ్చేస్తాడు, ఆరున్నరకి తారు రోడ్డు వేడెక్కుతుంది. అందుకే నాలుగున్నర. నీళ్లతోపాటు ఉప్పు కూడా పోతుంది. బీపీ ఉన్న మనిషి ఎంత ఉప్పు వెయ్యాలో కూడా డాక్టర్నే అడిగి, పల్చటి మజ్జిగ సీసాలో పోసుకుని తెచ్చుకునేది.

పార్కు హోటల్ దాటితే పెదజాలారిపేట. ఇక్కడి నుంచి బీచ్ రోడ్డు టూరిస్టులది కాదు, గంగపుత్రులది. ఒడ్డున పడవలు, ఆరేసిన వలలు, ఎండు నెత్తళ్ల వాసన. మొదటి రోజుల్లో ఆ వాసనకి ముక్కు మూసుకుని పరుగెత్తబోయి ఆయాసపడింది. చేపల గంప దించుకుని కూర్చున్న ఒకామె చూసి, “ఏటమ్మా, ఎవులైనా తరుముతన్నారేటి?” అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఈమెకీ నవ్వొచ్చి ఆగిపోయింది. మర్నాడు పలకరింపు, ఆ పైవారం కానాగంతలు అరకిలో. నెల తిరిగేసరికి ఆ గంప పక్కన మజ్జిగ సీసా పెట్టి వెళ్లడం, వెనక్కి వస్తూ తీసుకోవడం అలవాటైంది. ఒక్కోసారి ఎండ ఎక్కినా ఈమె రాకపోతే చేపలామె రోడ్డు మీదికొచ్చి అటే చూస్తుండేది.

ఈ వయసులో పరుగేమిటన్నవాళ్లకి చెప్పడానికి ఆమె దగ్గర రెండు పేర్లున్నాయి. ఒకటి ఫౌజా సింగ్. పంజాబ్‌లో పుట్టి, ఇంగ్లండ్ చేరి, 2000లో లండన్ మారథాన్ పరుగెత్తేనాటికి ఆయన వయసు 89. 2011లో టొరంటోలో నూరేళ్ల వయసులో పూర్తి మారథాన్ ముగించాడు, ఎనిమిది గంటల పైచిలుకు పట్టింది. జనన ధ్రువపత్రం లేదని గిన్నిస్ వాళ్లు రాసుకోలేదు. 1911 నాటి పంజాబ్ పల్లెలో సర్టిఫికెట్ ఎవరిస్తారు? 2025 జులైలో జలంధర్ దగ్గర సొంతూళ్లో రోడ్డు మీద కారు గుద్ది 114 ఏళ్ల వయసులో చనిపోయాడు. రెండోది లతా భగవాన్ కరే. మహారాష్ట్రలో బారామతి పందెంలో అరవై దాటిన వయసులో నవ్వారీ చీరతో, చెప్పుల్లేని కాళ్లతో పరుగెత్తి గెలిచిన కూలీ. భర్త వైద్య పరీక్షలకి డబ్బు కావాలి, అదీ కారణం. మన తెలుగువాడు నవీన్ దేశబోయిన ఆమె కథతో మరాఠీలో సినిమా తీస్తే, ఆమే తన పాత్ర వేసింది. 67వ జాతీయ అవార్డుల్లో ప్రత్యేక ప్రస్తావన పొందింది. ఆ చెప్పుల్లేని కాళ్లు తల్చుకుంటే తన బూట్ల ఖరీదు గుర్తొచ్చి సిగ్గేస్తుందంటుంది టెలిఫోన్ ఆవిడ.

జూన్‌లో కుడి పిక్క పట్టేసింది. తప్పు ఆమెదే. ఆరు కిలోమీటర్లు బాగానే సాగిందని ఒక్కసారిగా తొమ్మిదికి వెళ్లింది. మూడు వారాలు ఇంట్లోనే. “చెప్పానా, వద్దని” అన్నాడు కొడుకు. ఆమె గొడవ పడలేదు. బూట్లు తీసి మంచం కింద పెట్టింది. పది రోజులు బీచ్ వైపే రాలేదు. పదకొండో రోజు బాత్‌రూమ్‌కి వెళుతూ అలవాటుగా గోడ పట్టుకుంది. పట్టుకున్న చేతిని చూసుకుంది. మర్నాడు నడక, పై వారం మళ్లీ ఒక విగ్రహం పరుగు, రెండు విగ్రహాల నడక. మూడు కిలోమీటర్ల నుంచి మొదలు.

లాసన్స్ బే, అప్పుఘర్ దాటాక రోడ్డు స్వభావం మారిపోతుంది. అప్పటిదాకా బల్లపరుపుగా ఉన్నది కైలాసగిరి పాదాల దగ్గర కొండని ఒరుసుకుంటూ పైకి లేస్తుంది. ఎడమ పక్క కొండ, కుడి పక్క లోతున రాళ్ల మీద విరిగే కెరటాలు. ఇక్కడే టెన్నేటి పార్కు. 1966 నాటి ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ ఉద్యమాన్ని నడిపిన తెన్నేటి విశ్వనాథం గారి పేరది. 2020 అక్టోబరులో వాయుగుండానికి కొట్టుకొచ్చి బంగ్లాదేశ్ సరకు ఓడ ఒకటి చిక్కుకున్నదీ ఈ రాళ్ల దగ్గరే. ఊరంతా ఓడతో ఫొటోలు దిగింది. ఈ ఎత్తు ఎక్కేటప్పుడు ఆమె పరుగెత్తదు. చిన్న చిన్న అడుగులతో నడుస్తుంది. దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త, మోకాళ్లకి ఎక్కడం కన్నా దిగడమే బరువు.

జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్... ఇక్కడ నడకకొచ్చేవాళ్లు ఉండరు, సరుగుడు చెట్ల హోరు మాత్రం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఒడ్డునే తాకింది. ఒక్క రోజులో ఊరు పచ్చదనమంతా ఊడ్చుకుపోయింది. తర్వాత పెరిగిన చెట్ల నీడలోనే ఇప్పటి పరుగంతా.

సెప్టెంబరు చివర్లో ఒక ఆదివారం మొదటిసారి రుషికొండ చేరింది. మబ్బు పట్టి ఉంది. ఒడ్డున ఈత నేర్చుకునేవాళ్లు, పడవలు తుడుచుకునేవాళ్లు. వాచీ చూసుకుంటే గంటా నలభై ఎనిమిది నిమిషాలు. వెనక్కి పరుగెత్తే శక్తి లేదు, ఆ రోజు ప్రణాళికలోనూ లేదు. భీమిలి నుంచి వచ్చే 900కె బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. తను వచ్చిన దారంతా వెనక్కి పోతుంటే చూస్తూ కూర్చుంది. సాగర్ నగర్, జోడుగుళ్లపాలెం, టెన్నేటి పార్కు... ఇంత దూరమా! కండక్టరు టికెట్ ఇస్తూ బూట్ల వంక చూసి, “వాకింగా అమ్మా?” అన్నాడు. కాదంది. అంతకన్నా చెప్పలేదు.

పోటీకి పేరు నమోదు చేసుకోవడానికి ఆ రాత్రే కూర్చుంది. పేరు, పుట్టిన తేదీ, రక్తం గ్రూపు, టీ-షర్టు సైజు. గబగబా నింపేసింది. చివర్లో ఒక గడి. అత్యవసర సమయంలో ఎవరికి చెప్పాలి? ముప్ఫయ్యేళ్లపాటు ఏ ఫారంలో ఈ గడి కనిపించినా భర్త పేరు రాసింది. ఆయన పోయాక కొడుకు పేరు. కానీ టెన్నేటి పార్కు దగ్గర కళ్లు తిరిగి పడితే డాలస్‌కి ఫోన్ చేసి లాభమేమిటి? అక్కడ అప్పటికి రాత్రి. పక్క ఫ్లాటావిడ ఆదివారం ఎనిమిదింటి దాకా లేవదు. ఆ గడి రెండు రోజులు ఖాళీగానే ఉండిపోయింది.

మూడో రోజు పొద్దున పెదజాలారిపేటలో ఆగింది. ఎనిమిది నెలలుగా మజ్జిగ సీసా కాపలా కాస్తున్న మనిషి పేరేమిటో ఇంతవరకూ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ తీసి, ఇంటిపేరుతో సహా చెప్పమంది. నంబరు కూడా.

చేపలామె గంప మీద ఈగలు తోలుతూ ఓసారి పైకి చూసింది.

“పరిగెట్టేది మీరు. పేరు నాదెందుకమ్మా?”